చాప రెండో కొస

మా దీవి గుడికి కంచు గంట లేదు.
ఖాళీ గ్యాస్ సిలిండర్ అడుగు కోసి
సీమపనస కొమ్మకు వేలాడదీశారు.
ఇనుపకడ్డీతో నేనే కొడతాను.
పదకొండేళ్ళప్పటి నుంచీ అది నా పని.

ఆ శనివారం కొట్టకుండానే మోగింది.
కొండ కడుపులో ఎవరో
బరువైన బల్లలు ఈడుస్తున్నట్టు
నేల వణికింది, సిలిండర్ వణికింది,
నా పళ్ళు ఒకదానికొకటి తగిలాయి.

ఆ తర్వాత బూడిద.
వానలా కాదు, వానకి చప్పుడుంటుంది.
చేమ ఆకుల మీద, పందుల వీపుల మీద,
మూత తీసిన నీళ్ళ తొట్టిలో,
పసివాళ్ళ కనురెప్పల మీద.
మూడింటికే లాంతరు వెలిగించాం.
పోర్ట్ విలా రేడియో ‘నాలుగో హెచ్చరిక’ అంది,
బ్యాటరీ అయిపోయి
ఐదో మాట చెప్పలేదు.

గుడిలో నూట పదిమందిమి.
పాదిరి సెల్విన్ ప్రార్థన మొదలుపెట్టి
సగంలో దగ్గుతో ఆగిపోయాడు.
ఎక్కడ ఆమేన్ అనాలో తెలియక
ఎవరికి తోచినప్పుడు వాళ్ళన్నారు.
నేననలేదు.
నిజం చెప్పాలంటే నాకు ప్రార్థన రాలేదు,
కోపం వచ్చింది.
ఎనిమిదేళ్ళు గంట కొట్టానే,
ఒక్కసారైనా అక్కడికి వినబడిందా అని.

మూల కూర్చుని ఎథెల్ అవ్వ
మొగలాకు చాప అల్లుతోంది.
కొండ పేలుతుంటే చాపేమిటవ్వా అన్నాను.
ఈ కొస పట్టుకో, అంది.
పట్టుకున్నాను.

భయంగా లేదా?

ఎందుకు లేదూ,
ఇందాకట్నుంచి మూడుసార్లు తప్పల్లి విప్పాను.

లాంతరు కొండెక్కింది.
ఆమె వేళ్ళు మాత్రం ఆగలేదు.
చీకట్లోంచి గొంతు:
చిన్నప్పుడు మా అమ్మ పట్టుకునేది ఆ కొస.
ఆమె పోయాక తలుపు మేకుకి కట్టేదాన్ని.
పొద్దుగూకితే మేకో అమ్మో
కంటికి తెలిసేది కాదు నాయనా.
బిగువుంటే అల్లిక సాగుతుంది.

తెల్లారి సరుకుల పడవ వచ్చింది.
మనిషికో సంచి అన్నారు.
తారి తన పంది కోసం ఏడ్చాడు.
అవ్వ సగం చాప చుట్టి చంకన పెట్టుకుంది.
నేను సిలిండర్ తాడు కొయ్యబోతే
పాదిరి చెయ్యి పట్టుకున్నాడు.
ఉండనీ,
ఎవరైనా వెనక చిక్కుకుంటే
వాళ్ళకి కావాలి.

ఆ రాత్రి అలలు పడవ కంటే ఎత్తు.
ఇంజను రెండుసార్లు ఆగింది.
తుఫానులో, పడవ వెనకభాగాన,
తలగడ మీద నిద్రపోయిన ఆయన సంగతి
మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.
ఎవరూ ఎత్తలేదు.
గొంతుల నిండా బూడిద.

కానీ తారి నిద్రపోయాడు,
తల నా మోకాలి మీద పెట్టి,
ఇక పడవ సంగతి నాదే అన్నట్టు.
నాకు ఈత కూడా సరిగా రాదు.
ఆ సంగతి వాడికీ తెలుసు.
అయినా నిద్రపోయాడు.
ముక్కు కింది బూడిద గీత
ఊపిరికి అటూ ఇటూ కదులుతుంటే
చూస్తూ కూర్చున్నాను.

ఎప్పుడో తెల్లవారుజామున
నాకూ వచ్చింది ప్రార్థన.
మాటల్లేవు అందులో.
కాపాడు అనలేదు,
ఉన్నావా అని అడగలేదు.
ఊరికే
ఒక్కసారి లాగి చూశాను.

బిగువుగా ఉంది.

ఇది ఏడో నెల.
కొండ ఇంకా పొగ మానలేదు.
పక్క దీవి ఫుట్‌బాల్ మైదానంలో
టార్పాలిన్ల కింద ఉంటున్నాం.
ఆదివారం లారీ చక్రం రింగు కొడతాను,
స్వరం ఏమంత బాగోదు.
తారి పంది సంగతి
ఇప్పటికీ ఎవరం వాడికి చెప్పలేదు.

అవ్వ చాప పూర్తయింది.
మొదటి సగం నల్లగా, రెండో సగం తెల్లగా.
ఎన్నిసార్లు దులిపినా
అల్లిక సందుల్లోంచి బూడిద రాలుతూనే ఉంటుంది.
దాని మీదే మోకరిస్తాం.
మోకాళ్ళకి గరుగ్గా తగులుతుంది.